థేయర్స్ గల్: ఒక పేరు చరిత్ర

2017 జులైలో ఉత్తర అమెరికా పక్షుల జాబితాలోంచి ఒక జాతి పోయింది. పక్షి అంతరించిపోలేదు. ఆ ఏడాది చలికాలం కూడా అది ఎప్పటిలాగే ఆర్కిటిక్ నుంచి దిగొచ్చి, బ్రిటిష్ కొలంబియా మొదలుకొని కాలిఫోర్నియా దాకా, ఎప్పుడూ నిలబడే తీరాల్లోనే నిలబడింది. పోయింది దాని పేరు. అమెరికన్ ఆర్నిథలాజికల్ సొసైటీ వర్గీకరణ కమిటీ ఏటా ఒక అనుబంధం ప్రచురిస్తుంది. ఆ ఏటి అనుబంధంలో థేయర్స్ గల్ ఇకనుంచి విడి జాతి కాదనీ, ఐస్‌లాండ్ గల్‌లో ఒక ఉపజాతి మాత్రమేననీ తేల్చేసింది. పక్షులు చూడటం వ్యసనంగా ఉన్నవాళ్ళు తాము జీవితంలో చూసిన జాతులన్నిటినీ ఒక లిస్టుగా రాసుకుంటారు. వేల మంది లిస్టుల్లో అంకె రాత్రికి రాత్రి ఒకటి తగ్గింది.

ఆ తగ్గిన ఒకటి వెనక ఒక వందేళ్ళ కథ ఉంది. అందులో మ్యూజియం సొరుగులున్నాయి, చాలా అందమైన ఒక ప్రయోగం ఉంది, దాన్ని పాతికేళ్ళ తర్వాత నిలదీసిన మనిషి ఉన్నాడు. సాహిత్య పత్రికలో పక్షి గొడవ ఎందుకంటారేమో. ఒక పాఠం ఎవరిదో, ఏ ప్రతి అసలుదో తేల్చేవాళ్ళు పడే తంటాలకీ, ఈ పక్షి ఏదో తేల్చేవాళ్ళు పడ్డ తంటాలకీ నాకు పెద్ద తేడా కనపడలేదు. అందుకని.

ముందు పక్షి సంగతి. గల్ అంటే మనలో చాలామందికి జోనథన్ లివింగ్‌స్టన్ సీగల్ గుర్తొస్తుంది, లేదా చెహోవ్ నాటకం. రెండిట్లోనూ అది గల్ అంతే, ఏ గల్ అన్న ప్రశ్న లేదు. సముద్రం ఒడ్డున నిలబడి చూసేవాడికి మాత్రం ఆ ప్రశ్న తప్ప ఇంకోటి ఉండదు. నేనుండే బే ఏరియాలో, హాఫ్ మూన్ బే దగ్గర వాగు సముద్రంలో కలిసే ఇసుక మీద జనవరి నెలలో వందలకొద్దీ గల్స్ ఒకే వైపు ముక్కులు పెట్టుకుని నిలబడి ఉంటాయి. అందులో ఏడెనిమిది జాతులుంటాయి. వెస్టర్న్ గల్, కాలిఫోర్నియా గల్, గ్లాకస్-వింగ్డ్ గల్, హెర్రింగ్ గల్, రింగ్-బిల్డ్ గల్, ఇంకా చిన్నవి. దూరం నుంచి అన్నీ తెల్లటి తల, బూడిదరంగు వీపు, పచ్చటి ముక్కు.

పైగా ఈ పెద్ద గల్స్‌కి పూర్తి ఈకలు రావటానికి దాదాపు నాలుగేళ్ళు పడుతుంది. మొదటి చలికాలంలో గోధుమరంగు మచ్చలతో మాసిపోయిన దుప్పటిలా ఉంటాయి. రెండో ఏడు వీపు మీద అక్కడక్కడా బూడిదరంగు పుడుతుంది. మూడో ఏడు పెద్దదానిలానే ఉంటుంది గానీ తోకలోనో రెక్కలోనో చిన్నతనం మిగిలి ఉంటుంది. అంటే ఎనిమిది జాతులంటే ఎనిమిది వేషాలు కాదు, ముప్పై పైచిలుకు. ఎండకి ఈకల రంగు వెలిసిపోతుంది. ఒకటి ఈకలు రాల్చుకునే మధ్యలో ఉంటుంది. ఇది చాలదన్నట్టు కొన్ని జాతులు ఒకదాంతో ఒకటి జతకడతాయి. వాషింగ్టన్ రాష్ట్రపు తీరంలో వెస్టర్న్ గల్, గ్లాకస్-వింగ్డ్ గల్ ఎంతగా కలిసిపోయాయంటే అక్కడ శుద్ధమైన పక్షిని వెతుక్కోవాలి. ఆ సంకర సంతానం దక్షిణానికి దిగి కాలిఫోర్నియాలో మన ముందు నిలబడి వెక్కిరిస్తుంది.

ఈ గుంపులో థేయర్స్ గల్‌ని పట్టుకోవటానికి పుస్తకాలు చెప్పే గుర్తులివి. హెర్రింగ్ గల్ కంటే కొంచెం చిన్నది, తల గుండ్రం, ముక్కు సన్నం. కాళ్ళు ముదురు గులాబి. హెర్రింగ్ గల్ కన్ను లేత పసుపు రంగులో ఉండి కోపంగా చూస్తున్నట్టుంటుంది. దీని కన్ను సాధారణంగా ముదురు రంగు, అందుకే మొహం మెత్తగా ఉంటుంది. కంటి చుట్టూ సన్నటి వలయం ఉంటుంది కదా, అది హెర్రింగ్ గల్‌కి పసుపు-నారింజ, దీనికి ఎరుపు కలిసిన వంకాయరంగు. ఇక రెక్కల కొసలు. పైనుంచి చూస్తే నల్లగా ఉంటాయి, హెర్రింగ్ గల్‌లాగే. కానీ ఎగురుతున్నప్పుడు కిందనుంచి చూస్తే ఆ నలుపు ఉండదు, లేత వెండిరంగు.

ఇప్పుడు చిక్కు. ఐస్‌లాండ్ గల్‌కి రెక్కల కొసలు తెలుపు. (పేరు ఐస్‌లాండ్ గానీ అది గూడు పెట్టేది గ్రీన్‌లాండ్‌లో. గల్స్ విషయంలో పేర్లని నమ్మకపోవటం మంచిది.) ఈ రెండిటి మధ్య కమ్లీన్స్ గల్ అని ఇంకోటి ఉంది. బాఫిన్ ద్వీపం దక్షిణ భాగంలో, ఆ చుట్టుపక్కల గూళ్ళు పెడుతుంది. దాని రెక్కల కొసలు ఒక్కో పక్షికి ఒక్కో రకం: ఒకదానికి దాదాపు తెలుపు, ఇంకోదానికి లేత బూడిద, మరోదానికి దాదాపు నలుపు. అంటే గ్రీన్‌లాండ్ నుంచి పడమటికి, కెనడా ఆర్కిటిక్ ద్వీపాల మీదుగా నడుచుకుంటూ పోతే తెల్లకొసల పక్షి మెల్లమెల్లగా నల్లకొసల పక్షి అవుతుంది. ఎక్కడ గీత గీస్తారు?

మొదటి గీత 1915లో పడింది. ఎల్స్‌మియర్ ద్వీపంలోని బ్యూకానన్ బే నుంచి వచ్చిన నమూనా ఆధారంగా విన్‌త్రప్ స్ప్రేగ్ బ్రూక్స్ అనే అమెరికన్ దీన్ని కొత్త జాతిగా వర్ణించి లారస్ థేయరీ అని పేరు పెట్టాడు. థేయర్ అంటే జాన్ ఎలియట్ థేయర్, మసాచుసెట్స్‌లో ధనవంతుడు, పక్షుల సేకరణ కోసం సొంతంగా మ్యూజియమే కట్టించుకున్నవాడు. మన పాత కావ్యాల్లో కృతిభర్త పేరు అవతారికలోనూ, ఆశ్వాసాల మొదట్లోనూ చివర్లోనూ కనపడేది. ఇక్కడ పోషకుడి పేరు ఏకంగా పక్షికే తగిలించారు.

ఆ జాతి హోదా నిలవలేదు. కొద్దికాలానికే జోనథన్ డ్వైట్ దీన్ని హెర్రింగ్ గల్ కింద ఉపజాతిగా దించేశాడు. డ్వైట్ సామాన్యుడు కాదు, ప్రపంచంలోని గల్స్ అన్నిటి మీదా 1925లో పెద్ద గ్రంథం వేసినవాడు. ఆయన మాట మీద అమెరికన్ జాబితాలు అర్ధశతాబ్దం పైగా నడిచాయి. కానీ ఆయన ముందున్నది ఏమిటి? సొరుగుల్లో దూది కూరి పడుకోబెట్టిన పక్షి చర్మాలు. పక్షి చచ్చిన కాసేపటికే కంటి వలయం రంగు వెలిసిపోతుంది. కన్ను అసలు మిగలదు, ఆ చోట దూది ఉంటుంది. ముక్కు, కాళ్ళు రంగు మారతాయి. మిగిలేది ఈకలు. ఈకల్లో చూస్తే రెక్క కొస నల్లగా ఉంది, కాబట్టి హెర్రింగ్ గల్ లాంటిదే. ఉన్న ఆధారంతో డ్వైట్ తీర్పు సబబైనదే, అందులో ఆయన తప్పేం లేదు. కాకపోతే పక్షులు ఒకదాన్నొకటి చూసుకునేటప్పుడు ఏం చూస్తాయో ఆ వివరమే సొరుగులో లేదు.

బతికున్న పక్షుల్ని గూళ్ళ దగ్గర చూడాలంటే ఆర్కిటిక్ వెళ్ళాలి. మంచు కరిగే కొన్ని వారాల్లో, నిటారుగా సముద్రంలోకి దిగే కొండచరియల మీద, మనుషులు చేరటం కష్టమైన చోట్ల ఇవి గూడు పెడతాయి. 1961లో ఆండ్రూ మాక్‌ఫర్సన్ అనే కెనడియన్ తన పరిశీలనలు ప్రచురించాడు. హెర్రింగ్ గల్స్, ఇవి పక్కపక్కనే ఉన్నా కలవటం లేదు కాబట్టి ఇది హెర్రింగ్ గల్ కాదు అన్నాడు. ఇది ముఖ్యమైన మాట. కానీ ఎక్కువమందికి గుర్తున్నది మాక్‌ఫర్సన్ కాదు, ఆయన వెనకే వచ్చిన ఇంకో మనిషి.

నీల్ గ్రిఫిత్ స్మిత్ అప్పటికి కోర్నెల్ విశ్వవిద్యాలయంలో పరిశోధక విద్యార్థి. బాఫిన్ ద్వీపం తూర్పు తీరంలో హోమ్ బే దగ్గర నాలుగు రకాల గల్స్ ఒకే చోట గూళ్ళు పెడుతున్నాయనీ, అయినా కలవటం లేదనీ ఆయన రాశాడు. హెర్రింగ్, గ్లాకస్, థేయర్స్, కమ్లీన్స్. మనుషులు తేల్చుకోలేకపోతున్న తేడాని పక్షులు ఎలా తేల్చుకుంటున్నాయి? స్మిత్ జవాబు: కంటి చుట్టూ ఉన్న వలయంతో. గ్లాకస్‌కి పసుపు, హెర్రింగ్‌కి నారింజ, మిగతా రెండిటికీ ఎరుపు-వంకాయ. తెల్లటి తల మీద ఆ వలయమూ కంటి రంగూ కలిపి ఎంత కొట్టొచ్చినట్టు కనపడతాయన్నదే పక్షికి గుర్తింపు కార్డు.

దాన్ని రుజువు చెయ్యటానికి చేశానన్న ప్రయోగం వింటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. పక్షుల్ని పట్టుకుని, వలయానికి రంగు వేసి, వదిలిపెట్టాడు. జత కుదరకముందు రంగు మారిస్తే, ఆడపక్షి తన వలయంలాంటి వలయం ఉన్న మగపక్షినే ఎంచుకుంది. జత కుదిరాక మగదాని వలయం మారిస్తే ఏమీ కాలేదు. ఆడదాని వలయం మారిస్తే మాత్రం మగపక్షి దగ్గరికి రావటం మానేసింది, జంట విడిపోయింది. ఇంకా ముందుకెళ్ళి, రంగులు వేసి మభ్యపెట్టి, మామూలుగా కలవని థేయర్స్‌కీ గ్లాకస్‌కీ జత కుదిర్చానన్నాడు. చిన్న కుంచెతో గీసిన గీత ఒక జాతి సరిహద్దుని చెరిపేసింది.

1966లో అమెరికన్ ఆర్నిథాలజిస్ట్స్ యూనియన్ (ఇప్పటి సొసైటీకి పూర్వరూపం) దీన్ని మోనోగ్రాఫ్‌గా వేసింది. 1967లో సైంటిఫిక్ అమెరికన్‌లో బొమ్మలతో వ్యాసం వచ్చింది. అక్కడినుంచి పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. జాతులు ఎలా విడివిడిగా ఉంటాయి అన్నదానికి ఇంతకంటే శుభ్రమైన ఉదాహరణ దొరకదు మరి. 1973లో అదే యూనియన్ తన జాబితా సవరించి థేయర్స్ గల్‌ని మళ్ళీ జాతి చేసింది. (అదే ఏడాది జోనథన్ సీగల్ సినిమా కూడా వచ్చింది. గల్స్‌కి మంచి సంవత్సరం.)

ఇక్కడ కాస్త ఆగాలి. ఆ ప్రయోగం నాకెందుకు అంత నచ్చిందో ఆలోచిస్తే వేమన గుర్తొచ్చాడు. వేమన పద్యాలు వేలకొద్దీ దొరుకుతాయి. సి.పి. బ్రౌన్ తాటాకు ప్రతులు పోగేసి 1829లో అచ్చు వేసినప్పటి నుంచి ఇవాల్టిదాకా, ఏది వేమనది, ఏది కాదు అన్న తగువు తీరలేదు. మామూలు పాఠకుడికి ఆ బాధ లేదు. చివర మకుటం ఉందా, ఉంది, అయితే వేమన పద్యమే. మకుటం ఎవరైనా తగిలించొచ్చు అన్న సంగతి ఎవరికి కావాలి. మగపక్షికి వలయం అలాంటి మకుటమే అన్నాడు స్మిత్. తేడా ఒక్కటే. వేమన పరిష్కర్తలకి ప్రతులున్నాయి, ఒకరు కాదన్నది ఇంకొకరు తెరిచి చూసుకోవచ్చు. హోమ్ బే కొండచరియల మీద ఆ వేసవిలో ఏం జరిగిందో చెప్పటానికి స్మిత్ పుస్తకం ఒక్కటే ప్రతి.

ఆ ప్రతిని ఎవరూ సరిచూడలేదు. దశాబ్దాలు. నా వృత్తిలో దీనికి దగ్గరి విషయం ఒకటుంది. అందరి ప్రోగ్రాములూ ఆధారపడే ఏదో ఒక చిన్న లైబ్రరీ ఉంటుంది, దాన్ని ఎప్పుడో ఒకరు రాశారు, అది పనిచేస్తుందని అందరికీ తెలుసు, లోపల ఏముందో ఎవరూ తెరిచి చదివి ఉండరు. అందరూ వాడుతున్నారు కాబట్టి ఎవరో చదివే ఉంటారని ప్రతి ఒక్కరి నమ్మకం. ఆర్కిటిక్ విషయంలో దానికి తోడు ఖర్చు, దూరం, మంచు.

ఈలోగా పక్కనుంచి వేరే సమాచారం పోగవుతూ వచ్చింది. 1985లో గ్యాస్టన్, డెకర్ అనే ఇద్దరు హడ్సన్ బే ఉత్తరాన సదాంప్టన్ ద్వీపంలో థేయర్స్, కమ్లీన్స్ గల్స్ జతకడుతున్నాయని రాశారు. మరుసటి ఏడాది ఎర్ల్ గాడ్‌ఫ్రీ కెనడా పక్షుల మీద తన ప్రామాణిక గ్రంథం రెండో కూర్పులో థేయర్స్‌ని ఐస్‌లాండ్ గల్ ఉపజాతిగానే పెట్టాడు. అంటే గూడు పెట్టే దేశపు పుస్తకంలో ఉపజాతి, చలికాలం గడిపే దేశపు జాబితాలో జాతి. పాస్‌పోర్ట్ చూపించి దిగాల్సిన పరిస్థితి.

తర్వాత రిచర్డ్ స్నెల్. ఈయన హోమ్ బే వెళ్ళాడు. స్మిత్ వర్ణించిన నాలుగు రకాల గల్స్ సహవాసం ఆయనకి అక్కడ కనపడలేదు. 1989లో ఒక పత్రం, 1991లో ఇంకో పత్రం వేశాడు. రెండోదాని శీర్షికే ఘాటుగా ఉంటుంది: కళ్ళతో చూసినదీ, ఊహించుకున్నదీ కలగాపులగం కావటం గురించి. అంతమంది పక్షుల్ని అలాంటి చోట, అంత తక్కువ కాలంలో పట్టుకుని, రంగు వేసి, ఫలితం చూడటం సాధ్యమేనా అన్నది స్నెల్ అడిగిన ప్రశ్నల సారం. మోసం అన్న మాట వాడకుండా అడగగలిగినంత గట్టిగా అడిగాడు.

(అంతమంది పక్షులు అన్నాను. అన్ని పక్షులు అనాలి. ఈ గొడవ చదివీ చదివీ అవి మనుషుల్లాగే కనపడుతున్నాయి.)

స్మిత్ ఆ తర్వాత పనామాలో స్మిత్‌సోనియన్ ఉష్ణమండల పరిశోధనా సంస్థలో చాలాకాలం పనిచేశాడు. ఆయన్ని ఇప్పుడు దోషిగా నిలబెట్టటం నా పని కాదు. మొదటిసారి ఆ మోనోగ్రాఫ్ గురించి చదివినప్పుడు నాకు కలిగిన ఆనందం నిజమైనదే. అదే నన్ను ఇబ్బంది పెడుతుంది. మాక్‌ఫర్సన్ చెప్పినదాంట్లో కథ లేదు: ఫలానా చోట ఫలానావి కలవలేదు, ఫలానా కొలతలు ఇంత. స్మిత్ దగ్గర కథ ఉంది. ప్రేమ, మారువేషం, కుంచె, విడిపోయిన జంట. మగదాని వలయం మారిస్తే ఏమీ కాదు, ఆడదాని వలయం మారిస్తే కాపురం కూలుతుంది అన్న వివరం మనుషులకి ఎంత తేలిగ్గా అర్థమవుతుంది! శాస్త్రజ్ఞుల కమిటీలకీ కథలంటే ఇష్టమే. ఒక పక్షికి జాతి హోదా ఇవ్వటానికి రెక్కల కొసల కొలతల పట్టికల కంటే ఆ కుంచె ఎక్కువ పనిచేసిందని నా అభిప్రాయం.

స్నెల్ ప్రశ్నల తర్వాత కూడా థేయర్స్ గల్ జాతిగా ఇంకో పాతికేళ్ళు కొనసాగింది. ఇది విచిత్రంగా అనిపిస్తుంది గానీ కమిటీల లెక్క వేరు. జాబితాలో ఉన్నదాన్ని మార్చాలంటే మార్చమన్నవాడు ఆధారం చూపాలి. ఉన్నది ఏ ఆధారంతో ఉందని సాధారణంగా ఎవరూ అడగరు. 2017లో కమిటీ ముందుకి డీఎన్ఏ నుంచి బ్రహ్మాండమైన కొత్త రుజువేదో వచ్చిపడలేదు. ఈ పెద్ద గల్స్ అన్నీ ఈమధ్యే, అంటే భూమి లెక్కలో ఈమధ్యే, విడిపోయినవి; వాటి డీఎన్ఏ కూడా సముద్రం ఒడ్డున గుంపులాగే కలిసిపోయి కనపడుతుంది. కమిటీ చేసిందల్లా తలకిందులుగా అడగటం: 1973లో విడదీసినప్పుడు ఉన్న ఆధారం ఇవాళ నిలబడుతుందా? నిలబడదు. అయితే విడదీయకముందు స్థితికి తీసుకెళదాం. కాకపోతే పాత చోటికి, హెర్రింగ్ గల్ కిందికి కాదు, ఐస్‌లాండ్ గల్ కిందికి.

గమనించండి, థేయర్స్, కమ్లీన్స్, ఐస్‌లాండ్ ఒకటేనని 2017లో ఎవరూ రుజువు చెయ్యలేదు. వేరు అన్న రుజువు చెల్లదన్నారు, అంతే. నాకు ఈ తీర్పు సరైనదే అనిపిస్తుంది, తృప్తి మాత్రం లేదు. 1915లో పైకెక్కించినప్పుడు ఆధారం నమూనాలు. తర్వాత దించినప్పుడు ఆధారం మళ్ళీ సొరుగులు. 1973లో ఎక్కించినప్పుడు ముఖ్యమైన ఆధారం ఒక మనిషి మాట. 2017లో దించినప్పుడు ఆధారం, ఆ మాట మీద పోయిన నమ్మకం. వందేళ్ళలో నాలుగు తీర్పులు, గూళ్ళ దగ్గర ఏళ్ళ తరబడి కూర్చుని ఏ జంట ఏ జంటో లెక్కరాసినవాళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది.

ఆ కుటుంబంలో తర్వాత జరిగింది కూడా చెప్పాలి. థేయర్స్‌ని అప్పట్లో హెర్రింగ్ గల్ కింద చేర్చారన్నాను కదా. ఆ హెర్రింగ్ గల్‌కీ ఒక అందమైన కథ ఉండేది. ఎర్న్‌స్ట్ మాయర్ 1942లో ప్రసిద్ధం చేసిన కథ: యూరప్ హెర్రింగ్ గల్ నుంచి అట్లాంటిక్ దాటి అమెరికాకి, అక్కడినుంచి సైబీరియా మీదుగా తిరిగి యూరప్‌కి, ఉత్తర ధ్రువం చుట్టూ గొలుసులా పక్కపక్క జనాభాలు కలుస్తూ పోతాయి, కానీ గొలుసు రెండు కొసలు యూరప్‌లో కలిసేచోట మాత్రం అవి హెర్రింగ్ గల్, లెస్సర్ బ్లాక్-బ్యాక్డ్ గల్ అని రెండు వేరు జాతులుగా ప్రవర్తిస్తాయి. జీవశాస్త్రం చదివినవాళ్ళకి ఈ వలయం బొమ్మ గుర్తుండే ఉంటుంది. 2004లో లీబర్స్, డి క్నైఫ్, హెల్బిగ్ అనే ముగ్గురు ఈ పక్షుల మైటోకాండ్రియల్ డీఎన్ఏ పోల్చి చూసి ఆ వలయం లేదన్నారు. అమెరికా హెర్రింగ్ గల్ యూరప్ హెర్రింగ్ గల్‌కి దగ్గరి చుట్టమే కాదు, దాని మూలాలు ఆసియా వైపు ఉన్నాయన్నారు. 2024లో అమెరికన్ కమిటీ హెర్రింగ్ గల్‌ని ముక్కలు చేసి అమెరికన్ హెర్రింగ్ గల్‌ని విడి జాతిగా ఒప్పుకుంది. 2017లో ఒకటి పోగొట్టుకున్నవాళ్ళలో, రెండు ఖండాల్లోనూ తిరిగినవాళ్ళకి అంకె మళ్ళీ సరిపోయింది.

మన తీరం ఈ గొడవకి బయట ఏమీ లేదు. పులికాట్‌కి చలికాలంలో వచ్చే బ్రౌన్-హెడెడ్ గల్, పల్లాసెస్ గల్ విషయంలో పేచీ తక్కువ. కానీ సైబీరియా నుంచి మన దేశపు తీరాలకి వచ్చే ముదురు వీపు పెద్ద గల్ ఒకటుంది. పాత పుస్తకాల్లో దాన్ని హెర్రింగ్ గల్ అన్నారు. తర్వాతి పుస్తకాల్లో హ్యూగ్లిన్స్ గల్ అయింది. ఇప్పుడు ఈబర్డ్‌లో లెస్సర్ బ్లాక్-బ్యాక్డ్ గల్ కింద ఉంది. ఒకే పక్షి గురించి ముగ్గురు మూడు పేర్లతో నోట్సు రాసుకుని ఉంటారు. పాత లెక్కలు తీసి, ఫలానా పక్షి తగ్గిందా పెరిగిందా అని చూద్దామంటే ముందు ఎవరు ఏ పేరుతో దేన్ని పిలిచారో తేల్చుకోవాలి. పేరు గొడవ పండితుల కాలక్షేపం కాకుండా పోయేది ఇక్కడే. జాతి అన్న హోదా ఉంటే దాన్ని విడిగా లెక్కపెడతారు, విడిగా బొమ్మ వేస్తారు, కొత్తగా నేర్చుకునేవాడు దానికోసం విడిగా వెతుకుతాడు. హోదా పోతే వెతికేవాళ్ళు తగ్గుతారు.

44 ఏళ్ళు జాతిగా ఉండటం వల్ల థేయర్స్ గల్‌కి జరిగిన మేలు అదే. దాని కన్ను ముదురా లేతా, రెక్క కింద నలుపెంత, మొదటి ఏటి పక్షి తోక ఏ గోధుమరంగు, ఇవన్నీ చలిలో నిలబడి, టెలిస్కోపుల్లోంచి, వేల ఫోటోలతో నమోదు చేసింది ఎక్కువగా జీతంలేని ఔత్సాహికులు. లిస్టులో ఒక అంకె పెరుగుతుందన్న ఆశే వాళ్ళని ఆ ఇసుక మీద నిలబెట్టింది. ఆధారం సరిగాలేని పేరు వల్ల వచ్చిన సమాచారం మాత్రం గట్టిదే.

ఈబర్డ్ ఇప్పటికీ దాన్ని పూర్తిగా చెరిపెయ్యలేదు. ఐస్‌లాండ్ గల్ అని రాసి, పక్కన బ్రాకెట్లో థేయర్స్ అని ఉపజాతిగా నమోదు చేసుకోనిస్తుంది. లిస్టులో అంకె పెరగదు. అయినా హాఫ్ మూన్ బేలో చలికాలం ఆ బ్రాకెట్ నింపేవాళ్ళు ఇంకా ఉన్నారు. మొన్న జనవరిలో నా పక్కన టెలిస్కోపు పెట్టుకున్న పెద్దాయన గంటన్నర చూసి మూడు రాసుకున్నాడు. నాలుగోది రెక్క విప్పితే గానీ చెప్పలేనన్నాడు. అది విప్పలేదు.